పంపిన మెయిళ్లకూ ఒక జావక్ రిజిస్టర్

మహారాష్ట్రలోని సిరోంచ తహసీల్ కచేరీలో గానీ, ధర్మాబాద్ మిర్చి యార్డులో పద్ధతిగా నడిచే ఏ కొట్టులో గానీ ఆవక్, జావక్ అంటే వేరే చెప్పక్కర్లేదు. వచ్చిన కాగితం ఆవక్‌లో, పోయిన కాగితం జావక్‌లో. జావక్ నంబరు పడని కాగితాన్ని పంపామని ఎంత వాదించినా నమ్మే నాథుడుండడు. అదే మనుషులు ఈమెయిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘సెంట్‌లో ఉంటుందిలే’ అని వదిలేస్తారు. ఆర్నెల్ల తర్వాత ముంపు పొలం పరిహారం అర్జీ కోసమో, బిల్లు కోసమో వెతికితే అది ఫోన్లో ఉండదు, ఆఫీసు కంప్యూటర్లో ఉండదు, వెబ్‌మెయిల్లోనూ ఉండదు. చాలాసార్లు అది పోయి ఉండదు. మనం చూడని నాలుగో చోట పడి ఉంటుంది. అలా పడకుండా ముందే ఏం చేయాలో, పడ్డాక ఎలా ఏరుకోవాలో ఇక్కడ చూద్దాం.

పంపడం ఒక పని, నకలు దాచడం ఇంకో పని

ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతావన్నీ సులువు. మెయిల్‌ను బయటికి పంపే పద్ధతి పేరు ఎస్‌ఎంటీపీ. థండర్‌బర్డ్, అవుట్‌లుక్ లాంటి ప్రోగ్రాములు 587 లేదా 465 పోర్టు (నంబరు వేసిన ద్వారం లాంటిది) మీద సర్వర్‌ను, అంటే మెయిల్ సంస్థ కంప్యూటర్‌ను, పట్టుకుని ఉత్తరాన్ని దాని చేతిలో పెడతాయి. ఎస్‌ఎంటీపీకి ‘సెంట్’ అనే ఫోల్డర్ ఒకటుంటుందని కూడా తెలియదు. పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరానికి డబ్బా నకలు తీసిపెడుతుందా? అంతే ఇదీ.

నకలు దాచేది వేరే దారి. ఐమాప్ (ఉత్తరాలను సర్వర్లోనే ఉంచి అన్ని పరికరాల్లో చూపించే పద్ధతి) ఖాతా అయితే, ఉత్తరం వెళ్లాక ప్రోగ్రాము 993 పోర్టు మీద సర్వర్‌ను మళ్లీ పట్టుకుని అదే ఉత్తరాన్ని రెండోసారి ఎక్కించి, సెంట్ ఫోల్డర్‌లో పెడుతుంది. అంటే 8 ఎంబీ సాత్‌బారా (పొలం హక్కుల పత్రం) స్కాన్ జతచేస్తే మీ నెట్ 16 ఎంబీకి పైనే మోయాలి. మొదటిది వెళ్లి రెండోది మధ్యలో ఆగిందంటే అవతలివాళ్లకు ఉత్తరం చేరుతుంది, మన దగ్గర రుజువుండదు.

వెబ్‌మెయిల్లో ఈ గొడవ తక్కువ. ఉత్తరం రాసేదీ పంపేదీ దాచేదీ ఒకే సర్వర్ కాబట్టి బ్రౌజర్లోంచి పంపింది దాదాపు ఎప్పుడూ సెంట్‌లో కూర్చుంటుంది. చిక్కల్లా ఒకే ఖాతాను బ్రౌజర్లో ఒకరు, ఫోన్లో ఒకరు, ఆఫీసు కంప్యూటర్లో మరొకరు వాడినప్పుడే.

ఇంకో మెలిక. కొన్ని సర్వర్లు ఎస్‌ఎంటీపీ ద్వారా వచ్చిన ఉత్తరానికి తమంతట తామే సెంట్‌లో నకలు వేసుకుంటాయి. జీమెయిల్ ఆ రకం. జోహో మెయిల్లో అయితే ఎస్‌ఎంటీపీ సెట్టింగుల్లో పంపిన నకలు దాచాలా వద్దా అని టిక్ పెట్టే గడి ఉంటుంది. సొంత వెబ్‌సైట్‌తో పాటు వచ్చే హోస్టింగ్ మెయిళ్లు సాధారణంగా దాచవు, ఆ పని ప్రోగ్రామే చేయాలి. అందుకే ఒక ఖాతాలో ప్రతి ఉత్తరం రెండేసి కనబడుతుంది, ఇంకో ఖాతాలో ఒక్కటీ కనబడదు. రెండింటికీ కారణం ఒకటే: నకలు ఎవరు దాచాలో తేల్చుకోకపోవడం.

ముందు పరీక్ష

సెట్టింగుల్లో వేలు పెట్టేముందు పావుగంట ఈ పరీక్షకు కేటాయించండి. మీ ఖాతా ఎన్ని చోట్ల తెరిచి ఉందో కాగితం మీద రాసుకోండి: ఫోన్లో జీమెయిల్ యాప్, ఆఫీసు కంప్యూటర్లో థండర్‌బర్డ్, ఇంట్లో బ్రౌజర్, బిల్లులు పంపే టాలీ. ఒక్కోదాని నుంచి మీదే అయిన వేరే చిరునామాకు ఒక్కో ఉత్తరం పంపండి. సబ్జెక్టులో ‘పరీక్ష 1 ఫోను’, ‘పరీక్ష 2 థండర్‌బర్డ్’ అని తేడా తెలిసేలా పెట్టండి. చిన్న ఫైలొకటి జతచేయండి.

అయిదు నిమిషాలాగి బ్రౌజర్లో వెబ్‌మెయిల్ తెరిచి సెంట్ చూడండి. అసలు నిజం అక్కడే తెలుస్తుంది, ప్రోగ్రాములో కనబడేది కాదు. ఉత్తరం ఒక్కసారి కనబడితే సరిగ్గా ఉన్నట్టు. రెండుసార్లు కనబడితే సర్వరూ దాస్తోంది, ప్రోగ్రామూ దాస్తోంది, ప్రోగ్రాములో ఆపేయాలి. అసలు కనబడకపోతే నకలు ఆ పరికరంలోనే ఎక్కడో పడుతోంది, లేదా ఎక్కడా పడట్లేదు.

మీదే ఖాతాకు మీరే పంపుకుని పరీక్షించకండి. ఒకే గుర్తింపు సంఖ్య ఉన్న ఉత్తరాన్ని జీమెయిల్ రెండుసార్లు చూపించదు. వచ్చిన కాపీ ఏదో, పంపిన నకలు ఏదో తేలదు.

థండర్‌బర్డ్‌లో

పైన మెనూలో అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, మీ ఖాతా కింద ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’ నొక్కండి. ‘ప్లేస్ ఎ కాపీ ఇన్’ అన్న వరస పైన ఉంటుంది.

జీమెయిల్ ఖాతాకు ఆ టిక్ తీసేయండి. గూగుల్ సూచన కూడా అదే: ప్రోగ్రాము నుంచి సర్వర్లో నకలు వేయొద్దు, జీమెయిలే వేసుకుంటుంది. సెంట్‌లోకి వచ్చిందో లేదో తర్వాత చూసుకుంటే చాలు. దీంతో ఇంకో లాభముంది: జతచేసిన ఫైలు రెండోసారి ఎక్కించే పని తప్పుతుంది. టవర్ ఒక గీత మీద ఊగిసలాడే ఊళ్లలో ఇది చిన్న లాభం కాదు.

హోస్టింగ్ మెయిల్ అయితే టిక్ ఉంచాలి. కింద ‘అదర్’ ఎంచుకుని వెబ్‌మెయిల్ ఏ ఫోల్డర్‌ను సెంట్‌గా వాడుతోందో సరిగ్గా దాన్నే చూపించాలి. లోకల్ ఫోల్డర్స్ కింద ఉన్న సెంట్‌ను ఎంచుకున్నారంటే నకళ్లన్నీ ఆ ఒక్క కంప్యూటర్లోనే పడతాయి. హార్డ్ డిస్క్ పోతే అవీ పోతాయి.

అదే పేజీలో జవాబులను అసలు ఉత్తరం ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టమనే టిక్ ఒకటుంటుంది. ఎవరో సౌకర్యమని పెట్టేస్తారు. దాంతో మీ జవాబులు ఇన్‌బాక్స్‌లోనో ఇంకో ఫోల్డర్‌లోనో చేరి సెంట్‌లో కనబడవు. లెక్క ఒకేచోట కావాలంటే దాన్ని తీసేయాలి.

ఒకే ఫోల్డర్‌కు నాలుగు పేర్లు

ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే. జీమెయిల్లో అది ‘సెంట్ మెయిల్’. అవుట్‌లుక్‌లో ‘సెంట్ ఐటమ్స్’. థండర్‌బర్డ్ తనంతట తాను పెడితే ‘సెంట్’. ఐఫోన్, మ్యాక్ పాత అమరికల్లో ‘సెంట్ మెసేజెస్’. ఒకే హోస్టింగ్ ఖాతాను మూడు పరికరాల్లో పెట్టుకుంటే సర్వర్లో మూడు ఫోల్డర్లు పుట్టి, ఎవరి నకళ్లు వాళ్ల ఫోల్డర్లో చేరతాయి. ఉత్తరాలన్నీ సర్వర్లోనే ఉంటాయి, ఏ ఒక్కరికీ మొత్తం కనబడదు.

పేరుతో పని లేకుండా ‘ఇదే సెంట్’ అని సర్వరే గుర్తు వేసి చెప్పే ఏర్పాటు 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6154 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంతో వచ్చింది. కొత్త ప్రోగ్రాములు చాలావరకు ఆ గుర్తు చూసే ఫోల్డర్‌ను పట్టుకుంటాయి. సర్వర్ పాతదైనా, ఖాతాను ఎప్పుడో చేత్తో పెట్టినా చేత్తోనే సరిచేయాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇక్కడొకటుంది. జీమెయిల్ వెబ్ సెట్టింగుల్లో ‘జనరల్’ కింద ప్రదర్శన భాష ఉంటుంది. గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల్లో ఒకే ఖాతాను తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు కలిసి వాడే ఆఫీసులు చాలా. గుమాస్తా ఒకాయన భాషను మరాఠీకి మారుస్తాడు, ఇంకొకాయన తెలుగుకు, తర్వాతాయన ఇంగ్లీషుకు. తెరమీద అక్షరాలు మారడంతో పోదు. ఐమాప్ ద్వారా బయటి ప్రోగ్రాములకు కనబడే సెంట్, డ్రాఫ్ట్స్, ట్రాష్ ఫోల్డర్ల పేర్లూ ఆ భాషలోకి మారిపోతాయి. నిన్నటిదాకా ‘సెంట్ మెయిల్’ను చూస్తున్న పాత ప్రోగ్రాముకు ఇవాళ ఆ పేరు దొరకదు. ఒకటి తప్పు చూపించి ఆగుతుంది, ఇంకోటి తనే కొత్తగా ‘సెంట్’ అని ఒక లేబుల్ (జీమెయిల్లో ఫోల్డర్ లాంటిది) సృష్టించి అందులో వేయడం మొదలుపెడుతుంది.

అందుకే బయటి ప్రోగ్రాముతో కలిపి వాడే ఖాతాకు ఒక భాష నిర్ణయించుకుని, ఇంక దాని జోలికి పోకండి. ఏ భాషైనా ఒకటే, మారకుండా ఉంటే చాలు. ఇప్పటికే మారిపోయి ఉంటే ప్రోగ్రాములో ఖాతా మీద కుడి నొక్కు నొక్కి ‘సబ్‌స్క్రైబ్’ తెరవండి. కొత్త పేరున్న ఫోల్డర్‌కు టిక్ పెట్టి కాపీస్ అండ్ ఫోల్డర్స్‌లో మళ్లీ దాన్నే చూపించండి. జీమెయిల్ ‘లేబుల్స్’ సెట్టింగుల్లో సెంట్ ఎదురుగా ‘షో ఇన్ ఐమాప్’ టిక్ ఉందో లేదో కూడా చూడాలి. అది లేకపోతే బయటి ప్రోగ్రాముకు ఆ ఫోల్డర్ ఉందనే తెలియదు.

పుట్టిన అనవసరపు ఫోల్డర్లను వెంటనే తుడిచేయొద్దు. అందులోని ఉత్తరాలన్నీ ఎంచి అసలు సెంట్‌లోకి జరపండి. వెబ్‌మెయిల్లో ఫోల్డర్ సంఖ్య సున్నా అయ్యాక, వారం ఆగి, అప్పుడు తీసేయండి. వెయ్యికి మించి ఉత్తరాలుంటే రెండు మూడు వందల చొప్పున జరపడం మేలు. నెట్ మధ్యలో తెగితే ఎంతవరకు వెళ్లాయో తేల్చుకోవడం తేలిక.

హోస్టింగ్ ఖాతాలకు వచ్చే రౌండ్‌క్యూబ్ వెబ్‌మెయిల్లో సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, స్పెషల్ ఫోల్డర్స్ అన్న వరసలో వెళితే సెంట్ ఏదో ఎంచుకునే గడి ఉంటుంది. ఉత్తరం రాసే పేజీలోనూ ‘సేవ్ సెంట్ మెసేజ్ ఇన్’ అని అడుగుతుంది, అక్కడ ఖాళీ వదిలితే నకలు ఉండదు. ఐఫోన్లో ఖాతా తెరిచి ‘అడ్వాన్స్‌డ్’లోకి వెళ్లి ‘మెయిల్‌బాక్స్ బిహేవియర్స్’ కింద సెంట్ మెయిల్‌బాక్స్‌గా సర్వర్లోని ఫోల్డర్‌ను ఎంచుకోవాలి. ఫోన్లోనిదాన్ని ఎంచుకుంటే ఫోను మార్చినరోజే నకళ్లకు నీళ్లొదులుకోవాలి.

పాప్ ఖాతాలుంటే

పాత కంప్యూటర్లలో మెయిల్ ఇంకా పాప్ పద్ధతిలో, 995 పోర్టు మీద నడుస్తూ ఉంటుంది. పాప్ ఇన్‌బాక్స్‌ను దించుకుంటుంది, అంతే. పంపినవాటితో దానికి పనిలేదు. కంప్యూటర్లోంచి పంపింది కంప్యూటర్లోనే ఉంటుంది, బ్రౌజర్లోంచి పంపింది సర్వర్లోనే ఉంటుంది, రెండూ ఎప్పటికీ కలవవు. జీమెయిల్ పాప్ ఒక్కటే తేడా: పంపినవాటినీ దించేస్తుంది, కానీ అవి ప్రోగ్రాములో ఇన్‌బాక్స్‌లో కనబడతాయి. ‘నా ఉత్తరమే నాకు వచ్చిందేమిటి’ అని కంగారుపడేది ఇందుకే.

పాప్‌ను అతికించి నడపడం దండగ. ఐమాప్‌కు మారండి. 2025 జనవరి నుంచి జీమెయిల్లో ఐమాప్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, విడిగా ఆన్ చేయక్కర్లేదు. మారేటప్పుడు పాత పాప్ ఖాతాను తీసేయకుండా పక్కనే కొత్త ఐమాప్ ఖాతాను చేర్చండి. పాత సెంట్‌లోని ఉత్తరాలను లాక్కొచ్చి కొత్త సెంట్‌లో వేయండి. అవి సర్వర్‌కు ఎక్కాక వెబ్‌మెయిల్లో చూసి నిర్ధారించుకోండి. పాతది తీసేసేది ఆ తర్వాతే.

అవుట్‌లుక్‌లో

పాత తరహా అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్ అని వెళ్లి కిందికి జరిగితే పంపిన ఉత్తరాల నకళ్లను సెంట్ ఐటమ్స్‌లో దాచమనే టిక్ ఉంటుంది. ఎవరో తీసేసి ఉంటే ఆ రోజు నుంచి రికార్డే ఉండదు, తిరిగి తెచ్చుకునే దారీ ఉండదు. పాప్ ఖాతా ఉత్తరాలు పీఎస్‌టీ ఫైల్లో ఉంటాయి, సాధారణంగా డాక్యుమెంట్స్ కింద అవుట్‌లుక్ ఫైల్స్ ఫోల్డర్లో. ఐమాప్ ఖాతాకు 2013 అవుట్‌లుక్ నుంచి ఓఎస్‌టీ ఫైలు వాడుతోంది. ఓఎస్‌టీ సర్వర్‌కు నీడ లాంటిది. దాన్ని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే బ్యాకప్ అయిపోయిందనుకోకండి, ఇంకో కంప్యూటర్లో అది తెరుచుకోదు. ఫైల్, ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్ ద్వారా సెంట్ ఐటమ్స్‌ను పీఎస్‌టీగా ఎగుమతి చేయాలి.

వేరే చేతుల మీదుగా పోయేవి

సేతు కేంద్రంలోనో (అర్జీలు తీసుకునే ప్రభుత్వ సేవా కేంద్రం), నెట్ సెంటర్లోనో వాళ్ల మెయిల్ ఐడీ నుంచి అర్జీ పంపిస్తే రికార్డు వాళ్లది, మీది కాదు. జవాబూ వాళ్లకే వస్తుంది. మీ ఐడీలోంచి పంపమనండి. వీలుకాకపోతే సీసీలో మీ చిరునామా రాయించండి. మీకు చేరిన సీసీ కాపీలో పంపిన తేదీ, సమయం, జతచేసిన ఫైళ్లు అన్నీ ఉంటాయి కాబట్టి అది సెంట్ నకలంత పని చేస్తుంది.

టాలీలోంచి నేరుగా బిల్లు మెయిల్ చేసినప్పుడు అది ఎస్‌ఎంటీపీకి అప్పజెప్పి ఊరుకుంటుంది, నకలు దాచదు. జీమెయిల్ సర్వర్ ద్వారా పోతే జీమెయిల్ దాస్తుంది. హోస్టింగ్ సర్వర్ ద్వారా పోతే ఏమీ మిగలదు. రికార్డుల కోసమే ఒక చిరునామా విడిగా తీసి, సీసీ గడిలో అది ఎప్పుడూ ఉండేలా చూడండి. నెట్‌కు కలిపిన స్కానర్లు మెయిల్ పంపినా ఇదే కథ.

జీమెయిల్లో ‘సెండ్ మెయిల్ యాజ్’ పెట్టి కంపెనీ చిరునామాతో పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నకలు జీమెయిల్ సెంట్‌లోనే ఉంటుంది. కంపెనీ వెబ్‌మెయిల్ తెరిచి చూసే మీ భాగస్వామికి అది కనబడదు.

ఇలాంటివాటికి ఆటోమేటిక్ బీసీసీ (అందుకునేవాళ్లకు కనబడకుండా ఇంకో చిరునామాకు పోయే నకలు) మంచి మందు. థండర్‌బర్డ్‌లో కాపీస్ అండ్ ఫోల్డర్స్ పేజీలోనే బీసీసీ గడి ఉంది. ఒకసారి రికార్డు చిరునామా రాస్తే ప్రతి ఉత్తరానికీ అదే పడుతుంది. జీమెయిల్ వెబ్‌లో ఆ సౌకర్యం లేదు, చేత్తో వేసుకోవాల్సిందే. రికార్డు చిరునామా పంపే ఖాతాకంటే వేరేదై ఉండాలి. పాస్‌వర్డ్ మరిచిపోయినా, ఖాతా ఎవరైనా కాజేసినా రెండోదైనా చేతిలో ఉంటుంది.

సిగ్నల్ సరిగా లేనప్పుడు

ఏటపల్లి, భామ్రాగఢ్ వైపు గానీ, ప్రాణహిత ఒడ్డు పల్లెల్లో గానీ పంపేటప్పుడు తరచూ ఎదురయ్యేది ఇది: థండర్‌బర్డ్ ‘కాపీయింగ్ మెసేజ్ టు సెంట్ ఫోల్డర్’ అంటూ గీత కదలకుండా నిలిచిపోతుంది. ఆ మాట కనబడిందంటే ఉత్తరం అప్పటికే వెళ్లిపోయింది. రద్దు చేసి మళ్లీ సెండ్ నొక్కితే అవతలివాళ్లకు రెండు చేరతాయి. ఒకే బిల్లు రెండుసార్లు, ఒకే అర్జీ రెండుసార్లు. కాసేపు ఆగండి. చివరికి నకలు పెట్టలేకపోయానని అది చెప్పి, మళ్లీ ప్రయత్నించాలా, లోకల్ ఫోల్డర్స్‌లో దాచాలా అని అడుగుతుంది. లోకల్‌లో దాచమనండి. నెట్ బాగున్నప్పుడు ఆ ఉత్తరాన్ని సర్వర్ సెంట్‌లోకి లాగి వేయండి.

అవుట్‌బాక్స్‌లో ఉన్నది పంపినట్టు కాదు. ఫోన్లో సెండ్ నొక్కి జేబులో వేసుకుంటే అది సిగ్నల్ కోసం కూర్చుని ఉంటుంది. గడువున్న కాగితమైతే సెంట్‌లో కనబడేదాకా ఫోను మూయకండి. జీమెయిల్ ‘అన్‌డూ సెండ్’ (పంపడం రద్దు చేసుకునే గడువు) 30 సెకన్లకు పెట్టుకుని, వెబ్‌లో సెండ్ నొక్కిన వెంటనే కంప్యూటరు మూయడం కూడా మంచి అలవాటు కాదు.

ఫోన్లో పాత ఉత్తరాలు లేవని బెంగపడేవాళ్లకు: ఆండ్రాయిడ్ జీమెయిల్ యాప్ మామూలుగా 30 రోజుల మెయిలే ఫోన్లో ఉంచుకుంటుంది. అంతకు పాతవి నెట్ ఉంటేనే తెరుచుకుంటాయి. యాప్ సెట్టింగుల్లో ఖాతా తెరిచి ఆ రోజులు పెంచుకోవచ్చు.

కంప్యూటర్ గడియారం కూడా చూడండి. ఉత్తరం మీద పడే తేదీ పంపిన కంప్యూటర్‌ది. మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ ఉత్తరం సెంట్‌లో అట్టడుగున పడి ఎంత వెతికినా కనబడదు. కొత్త బ్యాటరీకి పెద్ద ఖర్చేమీ కాదు, మార్చేయండి.

జతచేసిన ఫైలు ఉందా, లింకే ఉందా

జీమెయిల్లో జతచేయగలిగేది 25 ఎంబీ దాకా. పంపేటప్పుడు ఫైళ్లు అక్షరాల రూపంలోకి మారి మూడో వంతు ఉబ్బుతాయి కాబట్టి ప్రోగ్రాముల్లోంచి పంపితే 18 ఎంబీ దాటకుండా చూసుకోవడం మంచిది. పరిమితి దాటితే జీమెయిల్ ఫైలును డ్రైవ్‌లో పెట్టి లింకు పంపుతుంది. అప్పుడు మీ సెంట్‌లో ఉన్నది ఉత్తరమే, కాగితం కాదు. ఎప్పుడో జాగా కోసం డ్రైవ్‌లో ఆ ఫైలు తుడిచేస్తే ఏం పంపారన్న రుజువు అక్కడితో పోయినట్టే. ఫైలును మార్చితే ఇంకా ఘోరం, పంపిన రోజున ఎలా ఉందో చెప్పలేరు. ముఖ్యమైన కాగితాలను 150 లేదా 200 డీపీఐలో, నలుపు తెలుపులో స్కాన్ చేసి పరిమితిలో ఇమిడేలా నిజంగానే జతచేయండి. తప్పనిసరిగా లింకే పంపాల్సొస్తే, పంపిన ఫైలును విడిగా అదే జావక్ నంబరుతో దాచండి.

బయటికి తీసి దాచడం

ఐమాప్ అద్దం లాంటిది. సర్వర్లో తుడిస్తే కంప్యూటర్లోనూ పోతుంది. కాబట్టి అన్ని పరికరాల్లో సెంట్ ఒకేలా కనబడటం బ్యాకప్ కాదు. జీమెయిల్ ఉచిత జాగా 15 జీబీ; ఫొటోలు, డ్రైవ్ కూడా అందులోంచే తింటాయి. అది నిండితే పంపడమూ రావడమూ రెండూ ఆగిపోతాయి. జాగా కోసం తొందరలో పెద్ద ఉత్తరాలను వెతికి తుడిచేవాళ్లు మొదట తుడిచేవి సెంట్‌లోని స్కాన్లే.

మా సలహా ఆర్థిక సంవత్సరం లెక్కన దాచమని. థండర్‌బర్డ్‌లో లోకల్ ఫోల్డర్స్ కింద ‘జావక్ 2025-26’ అని ఫోల్డర్ చేసి, సర్వర్ సెంట్‌లో ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఉన్నవి ఎంచి కుడి నొక్కుతో ‘కాపీ టు’ వాడి అందులో వేయండి. ‘మూవ్’ కాదు, ‘కాపీ’. తర్వాత హెల్ప్ మెనూలో ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్‌కు దారి కనబడుతుంది. థండర్‌బర్డ్ మూసేసి ఆ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి.

పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంటే జాగా ఉన్నా ఫైలు పట్టదని చెబుతోందా? అది ఫ్యాట్32 రకమై ఉంటుంది. 4 జీబీ మించిన ఒక్క ఫైలును అది ఒప్పుకోదు. థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్ ఉత్తరాలన్నిటినీ ఒకే ఫైలుగా దాస్తుంది కాబట్టి ఈ గోడకు తొందరగానే తగులుతారు. డ్రైవ్‌లో ఉన్నది ముందు పక్కకు తీసి, ఎక్స్‌ఫ్యాట్ రకంగా ఫార్మాట్ చేయండి.

కంప్యూటర్లో ప్రోగ్రాములేవీ లేనివాళ్లకు గూగుల్ టేకౌట్ ఉంది. అన్నీ తీసేసి మెయిల్ ఒక్కటే ఎంచుకోవాలి. ‘ఆల్ మెయిల్ డేటా ఇంక్లూడెడ్’ నొక్కి సెంట్ లేబుల్‌కు మాత్రం టిక్ ఉంచాలి. ఎంబాక్స్ ఫైలు (ఉత్తరాలన్నీ ఒకే ఫైలుగా ఉండే రకం) తయారయ్యాక లింకు మెయిల్లో వస్తుంది. అది వారం రోజులే పనిచేస్తుంది, కాబట్టి రాగానే దించుకోండి. రెండు నెలలకోసారి చొప్పున ఏడాది పాటు దానంతటదే తయారయ్యేలా కూడా పెట్టుకోవచ్చు. ఆ ఫైలు తెరవడానికి థండర్‌బర్డ్‌లో ‘ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ’ అనే యాడాన్ వేసుకోవాలి.

వాడకుండా వదిలేసిన రికార్డు ఖాతా మీద ఓ కన్నేసి ఉంచండి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత గూగుల్ ఖాతాలను తొలగించే నిబంధన 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. బీసీసీలు వచ్చి పడుతున్నంత మాత్రాన ఖాతా వాడుకలో ఉన్నట్టు లెక్కలోకి రాదు, మనిషి లాగిన్ అవ్వాలి. దీపావళికి ఖాతా పుస్తకాల పూజ చేసే రోజునే ఒకసారి తెరవడం అలవాటు చేసుకుంటే మరిచిపోరు.

రుజువుగా చూపాల్సి వస్తే

ఫోన్లో స్క్రీన్‌షాట్, ప్రింట్ తీసిన పీడీఎఫ్ – రెండూ బొమ్మలే. ఉత్తరం ఏ తేదీన, ఏ సమయంలో, ఏ గుర్తింపు సంఖ్యతో వెళ్లిందో చెప్పే పూర్తి హెడర్లు వాటిలో ఉండవు. జీమెయిల్లో ఉత్తరం తెరిచి మూడు చుక్కలు నొక్కి ‘డౌన్‌లోడ్ మెసేజ్’ అంటే ఈఎంఎల్ ఫైలు (హెడర్లు, జతచేసినవాటితో సహా మొత్తం ఉత్తరం) వస్తుంది. థండర్‌బర్డ్‌లో ‘సేవ్ యాజ్’ అంటే అదే వస్తుంది. దాచాల్సింది అది. పీడీఎఫ్ పక్కన ఉంటే చదవడానికి పనికొస్తుంది.

చట్టం సంగతీ తెలిసి ఉండటం మంచిది. ఐటీ చట్టం 2000లోని 13వ సెక్షన్ ప్రకారం, ఇరుపక్షాలూ వేరేలా ఒప్పుకుంటే తప్ప, ఉత్తరం పంపినవారి అదుపులో లేని కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించినప్పుడే పంపినట్టు. అవుట్‌బాక్స్‌లో ఉన్నది ఎందుకు లెక్కకు రాదో దీన్నిబట్టే తెలుస్తుంది. 7వ సెక్షన్ రికార్డును అసలు రూపంలో, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీన, ఏ సమయంలో వెళ్లిందో గుర్తించే వివరాలతో సహా దాచమంటుంది. కోర్టులో పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలోని (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైలు హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్ట్‌యుటిల్ ఆదేశంతో ఎస్‌హెచ్‌ఏ256 హాష్ తీయొచ్చు. ఈఎంఎల్ దాచిన రోజే తీసి రాసిపెట్టుకుంటే తర్వాత ఫైలు మారలేదని చూపించడం తేలిక. మిగతాది వకీలు చూసుకుంటారు.

సెంట్‌లో ఉందంటే చేరిందని కాదు. చిరునామాలో ఒక అక్షరం తప్పినా, అవతలి పెట్టె నిండినా కొద్ది నిమిషాల్లో, ఒక్కోసారి రెండు మూడు రోజులకు, ‘మెయిలర్ డెమన్’ పేరుతో తిరుగుటపా వస్తుంది. దాన్ని చిరాగ్గా తుడిచేయకండి. 550 అని ఉంటే చిరునామా లేదనో తిరస్కరించారనో, 552 అంటే పెట్టె నిండిందనో ఫైలు పెద్దదనో అర్థం. ఆ తిరుగుటపాను కూడా అసలు ఉత్తరం పక్కనే దాచాలి.

జావక్ పట్టిక

ఇక మిగిలింది రిజిస్టరే. ఎక్సెల్లోనో గూగుల్ షీట్స్‌లోనో ఈ గడులు చాలు: జావక్ నంబరు, తేదీ సమయం, ఏ ఖాతా, ఏ పరికరం, ఎవరికి, సబ్జెక్టు, జతచేసిన ఫైళ్ల పేర్లు సైజులతో, మెసేజ్ ఐడీ (ఉత్తరం గుర్తింపు సంఖ్య), తిరుగుటపా వచ్చిందా, జవాబు తేదీ. మెసేజ్ ఐడీ జీమెయిల్లో ‘షో ఒరిజినల్’ నొక్కితే పైన్నే కనబడుతుంది. ప్రతి ఉత్తరానికీ ఇది రాస్తే పూటంతా దానికే పోతుంది. కచేరీలకు, బ్యాంకులకు, బాకీదార్లకు పోయేవాటికి రాస్తే చాలు.

జావక్ నంబరును సబ్జెక్టు మొదట్లోనే ఇంగ్లీషు అంకెల్లో పెట్టండి: ‘జా-2026-014’ లాగా. తెలుగు, మరాఠీ సబ్జెక్టులను ఏ ప్రోగ్రాము ఎలా వెతుకుతుందో నమ్మకం లేదు. ఒకరు ‘నష్టపరిహారం’ అని రాస్తారు, ఒకరు ‘నుక్సాన్ భర్పాయి’ అని. అంకెల దగ్గర ఆ పేచీ ఉండదు. జీమెయిల్ వెతుకుపెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో ఇన్, కోలన్, సెంట్ అని ఖాళీ లేకుండా రాసి, పక్కన నంబరు కొడితే నేరుగా ఆ ఉత్తరమే వస్తుంది. ఆఫ్టర్, బిఫోర్ అన్న మాటలకు కోలన్ పెట్టి సంవత్సరం, నెల, రోజు వరసలో తేదీ ఇస్తే ఆ మధ్యవి మాత్రమే చూపిస్తుంది.

నెలాఖరున పట్టికలోంచి ఏవైనా మూడు నంబర్లు తీసి బ్యాకప్ డిస్క్‌లో వెతకండి. ఈఎంఎల్ తెరుచుకోవాలి, జతచేసిన ఫైలూ తెరుచుకోవాలి. మూడింటిలో ఒకటి దొరక్కపోయినా, పట్టికలో ఆ ఉత్తరం ఎదురుగా ఉన్న ‘ఏ పరికరం’ గడి చూసి ఆ పరికరం నుంచి మళ్లీ పరీక్ష ఉత్తరం పంపండి.